పంతొమ్మిది మంది అవ్వలు

కామాక్షి టీచరుకు మతి తప్పిందని పక్కవాటా ప్రభావతి నలుగురికీ చెప్పుకొచ్చింది. ప్రభావతి స్వయంగా చూడలేదు. పాల మొగులయ్య చూశాడట, వాడైనా కిటికీ సందులోంచే. దీపాల వేళ ఆవిడ ఖాళీ గదిలో కూర్చుని, ఎదురుగా ఎవరో ఉన్నట్టు "ఇదేంటి నాన్నా? అమ్మ. ఏదీ, మళ్ళీ చెప్పు" అంటోందట. ఆపైన తనే గొంతు సన్నం చేసుకుని "అమ్మ" అని జవాబిచ్చిందట.

చూసింది నిజమే, అర్థం చేసుకున్నదే తప్పు. ఆవిడ మర్నాటి పాఠం సాధన చేసుకుంటోంది. నాంపల్లి స్టేషను వెనక బస్తీలో బాలవాడి తెరిచి రెండు నెలలైంది. మొదటి అక్షరం దగ్గరే బండి దిగబడింది. "అ" అట్ట మీద చంకన బిడ్డనెత్తుకున్న ఆడమనిషి బొమ్మ ఉంది. ఇదేమిటని అడిగితే ఇరవై ఇద్దరిలో పంతొమ్మిది మంది ఒక్క గొంతుతో "అవ్వ!" అంటారు.

"అవ్వ కాదర్రా! అవ్వకి జుట్టు నెరుస్తుంది, పళ్ళూడిపోతాయి. ఈవిడ అమ్మ."

"అవ్వనే," అన్నాడు నాలుగేళ్ళ బిచ్చయ్య, టీచరుకు చూపు ఆనదేమో అని జాలిపడుతూ.

కామాక్షిది కాకినాడ. భర్త సోమయాజులు గుమాస్తా, యాభై ఆరులో రాజధానితోపాటు కర్నూలు నుంచి మూటాముల్లె సర్దుకొచ్చాడు. వచ్చిన రెండో ఏడే పోయాడు. పిల్లల్లేరు. బాలవాడి లేని ఆదివారాలు ఆవిడ ఆబిడ్స్ దాకా నడిచి ఒక సుద్దముక్కల పెట్టె కొనుక్కునేది. గదిలో ఇప్పటికే ఎనిమిది పెట్టెలున్నాయి. అయినా కొట్టువాడు "ఇంకేం కావాలమ్మా?" అని అడుగుతాడు. ఆ రోజు మొత్తానికి ఆవిడను ఎవరైనా ఏమైనా అడిగేది అదొక్కటే.

ఆ సోమవారం పొద్దున ఆవిడ పెట్టుకున్న పని చిన్నదే. లక్డీకాపూల్ కమిటీ వాళ్ళు పిల్లల ఇంటి వివరాలు రాసి పంపమన్నారు. ఇరవైకి ఒక్కరు తగ్గినా బాలవాడి మూసేస్తామన్నది పాత హెచ్చరికే. ఇరవై ఇద్దరున్నారు కదాని ధైర్యంగా రిజిస్టరు తెరిచింది.

"మీ ఇంట్లో ఎవరెవరున్నారు నాన్నా?"

"అవ్వ ఉన్నది, బాపు ఉన్నడు."

"మరి అమ్మ?"

"లేదు."

ఇంకొకణ్ణి అడిగినా అదే, మరొకదాన్ని అడిగినా అదే. బిచ్చయ్య మాత్రం కాసేపు ఆలోచించాడు.

"అమ్మనా? పోయినేడు మా ఇంటికొచ్చింది. తొమ్మిదొద్దులుండి పోయింది."

వాడు చెప్పింది తన ఒళ్ళంతా పొక్కులు పోసి, వేపమండలతో సాగనంపించుకున్న అమ్మవారి సంగతి. ఆవిడకు వినబడింది తొమ్మిది రోజులు మంచాన పడి కన్నుమూసిన తల్లి సంగతి. అవ్వ పక్కనున్న బాపు తాత కాబోలనుకుంది. కళ్ళు తుడుచుకుని తల్లి గడిలో "లేదు" అనీ, పెంచుతున్నవారి గడిలో "అవ్వ" అనీ పంతొమ్మిది సార్లు రాసింది. మిగిలిన ముగ్గురూ బెజవాడ నుంచి వచ్చిన రైల్వే గుమాస్తా పిల్లలు. వాళ్ళకొక్కళ్ళకే అమ్మ ఉంది.

బస్తీలో కన్నతల్లినే అవ్వ అంటారు, తండ్రిని బాపు అంటారు. కాకినాడలో అవ్వంటే ముసలమ్మ. ఈ ముక్క ఆవిడకు చెప్పగలిగింది ఆ తల్లులే. వాళ్ళేమో కోడికూతకే గుంపుగా కూలికి వెళ్ళిపోతారు, పిల్లల్ని అక్కలు గుమ్మంలో దింపి పరుగెత్తుతారు. రెండు నెలల్లో ఆవిడ ఒక్క అవ్వ మొహమైనా చూడలేదు.

అమ్మ బొమ్మను చూసి అవ్వ అంటున్నారంటే, అమ్మ ఎలా ఉంటుందో కూడా తెలియని పసివాళ్ళన్నమాట! ఆ మధ్యాహ్నం ఆవిడ కమిటీకి ఉత్తరం రాసింది. వీళ్ళను ఏ అనాథాశ్రమంలోనైనా చేర్చుకోండి, పక్కలో పడుకోబెట్టుకునే మనిషుండాలి అని. రాసి చింపింది. పంతొమ్మిది మంది పోతే ముగ్గురు మిగులుతారు, బాలవాడి పోతుంది, తనకు వారమంతా ఆదివారమే. మళ్ళీ రాసి మళ్ళీ చింపింది. మూడోది రాసి, మనసు మారేలోగా పోస్టు డబ్బాలో పడేసింది.

ఆఫీసు కాయితం ఎద్దుబండి కన్నా నెమ్మది అంటారు. కానీ ఆ కాయితానికి రెక్కలొచ్చాయి. గురువారం పొద్దున్నే కమిటీ కార్యదర్శి నళిని వ్యానేసుకుని దిగింది.

"కాచిగూడ ఆశ్రమంలో పంతొమ్మిది పడకలు వేయించానండీ. పాయసం కూడా వండుతున్నారు."

"వీళ్ళ అవ్వలకు ఒక్క మాట చెప్పొద్దూ?"

"పండు ముసలివాళ్ళు, ఇప్పుడు చెబితే హడలిపోతారు. సాయంత్రం నెమ్మదిగా చెబుదాం."

"జర జల్ది ఎక్కించున్రి," అన్నాడు డ్రైవరు కిషన్. ఎక్కించే పని లేకపోయింది. మోటారు అనేసరికి పిల్లలు చీమల్లా పాకి ఎక్కేశారు. రైల్వే పిల్లలు ముగ్గురూ గుమ్మంలో నిలబడి "మాక్కూడా అమ్మ లేదండీ!" అని ఏడుపు లంకించుకున్నారు. వదిలిపెట్టలేక వాళ్ళనూ ఎక్కించారు. కామాక్షి ఖాళీ గదికి తాళం వేసి, అక్షరాల అట్టలూ రిజిస్టరూ సంచీలో పెట్టుకుని, అందరి తర్వాత ఎక్కింది.

ఆబిడ్స్‌లో ఓ కొత్త మేడ లేస్తోంది. దాని ముందు రిక్షాలు అడ్డం పడి వ్యాను ఆగింది. బిచ్చయ్య కిటికీలోంచి తల బయటికి పెట్టి మేడ కేసి కేక వేశాడు.

"అవ్వా!"

పంతొమ్మిది గొంతులూ అందుకున్నాయి. మేడ మెట్ల మీద ఇటుకల తట్టలెత్తుకుని వరసగా ఎక్కుతున్న ఆడవాళ్ళు వెనక్కి తిరిగారు. ఒక్కరికీ ముప్పై దాటలేదు.

"ఎవర్రా ఆవిడ?" అంది కామాక్షి.

"మా అవ్వ. కిష్టవ్వ."

"ఆ వెనకావిడ?"

"గామె ఎంకటిగాని అవ్వ."

కామాక్షి సంచీలోంచి అట్ట తీసింది. అందులో మనిషి చంకన బిడ్డ ఉంది, వాళ్ళ నెత్తిన ఇటుకలున్నాయి. అంతకు మించి తేడా లేదు. రెండు నెలలుగా తను ఒప్పుల్ని దిద్దుతోంది.

తట్టలు దబదబా పడ్డాయి. ఆడవాళ్ళు వ్యాను చుట్టూ మూగారు.

"నాకేం ఎర్క లేదు తల్లీ, గాలి తియ్యకున్రి!" అని కిషన్ చేతులెత్తేశాడు.

రిజిస్టరులో ఏముందో నళిని చదివి వినిపించింది. కిష్టవ్వ నడుం మీద చేతులేసుకుంది.

"ఏంది టీచరమ్మా, మేం సచ్చినమని రాసినవా? మరి గాడ ఇటుకలు మోసేది మా దయ్యాలా?"

కామాక్షి అట్టను పిల్లలకు చూపించింది.

"ఇదేంటి నాన్నా?"

"అవ్వ!"

"కరక్టే," అంది ఆవిడ. "అవ్వ మొదట్లో ఏముంది?"

"అ!" అన్నారు పంతొమ్మిది మందీ. పట్టుదలగా "అమ్మ!" అన్నారు రైల్వే వాళ్ళు ముగ్గురూ. రెండు నెలలు నడవని పాఠం ఆబిడ్స్ నడిరోడ్డు మీద ఒక్క నిమిషంలో అయిపోయింది.

బాలవాడికి ఇక ఢోకా లేదని నళిని కూడా ఒప్పుకుంది. ఒప్పుకుని నెత్తి పట్టుకుంది.

"మరి ఆశ్రమంలో నేనేం చెప్పను? పాయసం చల్లారిపోతోంది, అధ్యక్షులవారు దండలతో నిలబడి ఉంటారు. ఎవరూ లేనివాళ్ళు ఒక్కరంటే ఒక్కరైనా లేరా ఇక్కడ?"

కిష్టవ్వ కొడుకును చంకనేసుకుని, కొంగుతో వాడి ముక్కు తుడిచింది.

"ఎవ్వలు లేనోళ్ళు గావాల్నా? గీ టీచరమ్మ ఒక్కతే ఉన్నది. పొద్దుమీకి ఉత్త ఇంట్ల తనతోని తానే మాట్లాడుకుంటదట, పాల మొగులయ్య చెప్పిండు. గీమెను తోల్కపోన్రి."