కప్పలోనూ చేపలోనూ నత్తలోనూ

ఆ ఉదయం ఆకాశం నిండా మబ్బు కమ్మింది గానీ ఒక్క చినుకూ రాల్చలేదు. గాలి బిగదీసుకుపోయి, ఇంటి గోడలు కూడా చెమ్మగిల్లాయి. రిజిస్టరాయన చొక్కా తొడుక్కునేలోపే వీపు తడిసింది. భార్య రెండు రుమాళ్ళు తెచ్చి ఆయన జేబులో కుక్కింది.

"ఒక్క కప్పేగా? కంగారు పడకండి."

"ఆ ఒక్క కప్ప మీదేనే ఆరేళ్ళ ఉద్యోగం వేలాడుతోంది!"

నిజమే. క్రిముల బారిన పడకుండా జంతువుల ఒంట్లో చిన్న చిన్న ప్రోటీన్లు ఊరుతుంటాయి. వాటిని పెప్టైడ్లంటారు. కొత్తది దొరికితే అది ఏ కుటుంబానిదో తేల్చి, దొరికిన జంతువు పేరు ముందు చేర్చి, వెనక వరస సంఖ్య తగిలించి రిజిస్టరుకు ఎక్కించడం ఆయన పని. ఆరేళ్ళుగా తాత్కాలికమే. ఆ రోజు నాలుగింటికి కమిటీ వస్తుంది. వాళ్ళ ఎదుట ఒక్క పేరు తప్పులేకుండా పెడితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే.

ప్రయోగశాలలో ఏసీ ఎప్పటిలాగే ఆ రోజూ మొరాయించింది. గ్లౌజుల్లో చెమట నిండి వేళ్ళు జారుతుంటే ఆయన వాటిని తీసి పక్కన పడేసి, కప్ప చర్మం నుంచి తీసిన రసాన్ని గొట్టంలో కలిపాడు. దాన్ని యంత్రంలో పెట్టింది బావమరిది. భార్య తమ్ముడు, నోటికి తాళం లేనివాడు.

"బావా! కొత్తది పడింది! కప్పల జాబితాలో ఎక్కడా లేదు."

అదృష్టం అంత సులువుగా తన గుమ్మం తొక్కదని రిజిస్టరాయనకు తెలుసు. ఎందుకైనా మంచిదని చేప రసం కలిపి చూశాడు. అదే పెప్టైడ్. చేపల జాబితాలోనూ లేదు. నత్తను చూశాడు. మళ్ళీ అదే, పైగా కప్పలో ఉన్నదానికి రెట్టింపు.

"ఇప్పుడు ఎవరి పేరు పెట్టాలిరా?"

"నత్త పేరు పెడితే కప్ప అలుగుతుంది బావా. మూడింటినీ కూర్చోబెట్టి పంచాయితీ పెట్టు."

అప్పుడే లోపలికి వచ్చిన ప్రయోగశాల పెద్దమేడమ్ చెవిన ఆ మాట పడనే పడింది.

"మూడింట్లోనూ ఒకటేనా? అయితే ఇది ఉత్త పెప్టైడ్ కాదయ్యా, కొత్త కుటుంబం! జంతువులన్నిటి ఉమ్మడి సొత్తు!"

"ఒక్క నిమిషం మేడమ్..." అని ఆయన అనేలోపే ఆమె ఫోను చేసేసింది. కమిటీ నాలుగింటిదాకా ఆగనంది. రెండింటికే వస్తామంది.

"వాళ్ళొచ్చేలోపు వానపామునూ మిడతనూ కూడా చూడండి."

చూశాడు. నుదుటి మీద ధారలు కడుతుంటే చూశాడు. వానపాములోనూ ఉంది, మిడతలో అయితే నత్తకు మూడింతలుంది. రుమాళ్ళు రెండూ పిండితే గిన్నెడు నీళ్ళు వచ్చేలా ఉన్నాయి. గోడ మీది పాత వర్గీకరణ పటాన్ని మేడమ్ అప్పటికే ఎర్రసిరాతో కొట్టేసింది.

రెండుకు పది నిమిషాలుందనగా రిజిస్టరాయనకు, పొద్దున అన్నిటికంటే ముందు చేయాల్సిన పని గుర్తొచ్చింది. ఏ రసమూ కలపని వట్టి నీళ్ళను పరీక్షించి, వాటిలో ఏమీ లేదని తేలాకే మిగతావి ముట్టుకోవాలి. కంగారులో ఆ పని ఎగరగొట్టాడు. గబగబా గొట్టంలో నీళ్ళు పోసి, మీదికి వంగి కలిపి ఇచ్చాడు.

బావమరిది తెర వంక చూసి నోరెళ్ళబెట్టాడు. "బావా, నీళ్ళలో అన్నిటికంటే ఎక్కువుంది. నీళ్ళకి చర్మమెక్కడిది?"

రిజిస్టరాయన ముక్కు చివర వేలాడుతున్న చుక్క ఒకటి, బల్ల మీద మూతలేని గొట్టంలోకి టప్పున రాలింది. ముగ్గురూ దాన్నే చూశారు.

"మనుషుల జాబితా చూశారా?" అంది మేడమ్ పీలగొంతుతో.

"మనం వెతికేది జంతువుల్లో కదండీ," అన్నాడు రిజిస్టరాయన.

చూశారు. ఉంది. మనిషి చెమటలో ఉండే పెప్టైడ్. ఎప్పుడో దొరికింది, ఎవరో పేరు కూడా పెట్టేశారు.

తలుపు తోసుకుని కమిటీ పెద్దాయన రానే వచ్చాడు. "ఏదీ, ఆ కొత్త కుటుంబం?"

"అది నా చెమటండీ," అన్నాడు రిజిస్టరాయన. అబద్ధమాడే ఓపిక ఆయనలో మిగల్లేదు.

పెద్దాయన రిజిస్టరు అందుకుని పేజీలు తిప్పాడు. "ఆరేళ్ళుగా ఈ పేర్లన్నీ పెట్టింది మీరేనా?"

"నేనేనండీ."

"ఎండాకాలంలో కూడా?"

"ఎండాకాలంలోనే ఎక్కువండీ."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే మొదటి పేరు నుంచీ అన్నీ మళ్ళీ పరీక్షించాలి. తక్కువలో తక్కువ పదేళ్ళ పని. తాత్కాలికపు మనిషితో అయ్యేది కాదు. ఈయన్ని ఖాయం చెయ్యండి. దానికంటే ముందు ఏసీ బాగుచేయించండి."

ఆ సాయంత్రం పెందలాడే భార్యాభర్తలూ బావమరిదీ భోజనానికి కూర్చున్నారు. ఉద్యోగం ఎలా ఖాయమైందని ఆవిడ అడిగింది. ఇద్దరూ తలలు వంచుకుని అన్నం కలుపుకున్నారు. అంతలో బావమరిది కూరగిన్నెను బావకు మూరెడు దూరం జరిపి, మూత పెట్టాడు.