గని మొత్తం వాడతది మేడం

ఆ రోజు పొద్దున లింగమూర్తి వేసుకున్న పథకం చాలా చిన్నది. సగం రోజు సెలవు పెట్టి, భార్య జమునను లక్ష్మీనగర్ బజారుకు తీసుకెళ్ళి ఒక కూలర్ కొనాలి. గోదావరిఖనిలో మే నెల. క్వార్టర్ గోడలు రాత్రిపూట కూడా చల్లారడం లేదు.

"నీకేందయ్యా, పగలంత ఏసీల కూసుంటవ్. ఉడికేది మేము" అంది జమున చెప్పులేసుకుంటూ.

అది నిజమే. పెద్దవాగు గనిలో ఏసీ ఉన్నవి రెండే గదులు. ఒకటి మేనేజర్‌ది. రెండోది కంప్యూటర్ సెక్షన్. దానికి ఇంచార్జి లింగమూర్తి. ఇరవై ఏళ్ళు భూమి లోపల కార్మికుల మీద అజమాయిషీ చేసే మైనింగ్ సర్దార్‌గా పనిచేశాడు. పైకప్పు నుంచి బొగ్గు పెళ్ళ ఊడిపడి కాలు విరిగాక, కంపెనీ అతణ్ణి పైకి తెచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టింది.

కార్మికుల హాజరు, సెలవుల లెక్కలన్నీ ఉండే ఆ డేటాబేసు అంటే ఏమిటో అతనికి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. కానీ కార్మికుడెవరైనా కిటికీ దగ్గరికి వచ్చి "సర్దార్, నాకు సెలవులు ఎన్ని మిగిలినయ్?" అంటే, చేతిలో టీ చల్లారేలోపు చెప్పగలడు. కంప్యూటర్ రాకముందు ఆ జవాబు కోసం వారం రోజులు తిరగాల్సి వచ్చేది. కిటికీకి అవతల దొరికే మర్యాద, ఇవతల దొరికే చల్లదనం. ఈ రెండింటినీ కాపాడుకోవడానికి అతను ఏమైనా చేస్తాడు. పాపం, చేశాడు కూడా.

గడప దాటేలోపు ఫోన్ మోగింది. మేనేజర్ భూపాల్.

"లింగమూర్తీ, రేపు హైదరాబాద్ నుంచి డేటాబేసు అమ్మినోళ్ళ మేడం వస్తున్నది. లైసెన్సు తనిఖీ అట. రిపోర్టు మంచిగ వస్తెనే మన సెక్షన్ ఉంటది. లేకుంటే మూసెయ్యుమంటున్నరు."

"మూస్తే నేనేడికి పోవాలె సార్?"

"ల్యాంపు రూముకు."

ల్యాంపు రూమంటే షిఫ్టుకు దిగేవాళ్ళ టోపీ దీపాలు ఇచ్చి, పుచ్చుకునే రేకుల షెడ్డు. ఆ రేకుల్ని తలుచుకోగానే లింగమూర్తికి చెమట పట్టింది. అయితే భయం వేయలేదు. ఎందుకంటే భూపాల్ వాడిన మాట 'తనిఖీ'. తనిఖీల సంగతి లింగమూర్తికి తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు.

గనిలో భద్రతా తనిఖీ ఉందంటే ముందురోజే గోడలకు సున్నం పడుతుంది. పక్క గని నుంచి మంటలార్పే ఇసుక బకెట్లు అరువు వస్తాయి. ప్రతి చోటా మనిషి ఉండాలి, ప్రతి మనిషికీ పని ఉండాలి. వచ్చిన అధికారి ఏది అడిగినా "ఉంది సార్" అనాలి. ఎవడు నోరు జారినా, వాడితో షిఫ్టు మొత్తం ఏడాదిపాటు మాట్లాడదు. గని లోపలున్న ఆ ఇరవై ఏళ్ళలో లింగమూర్తి సెక్షన్ మీద ఒక్క మచ్చ పడలేదు.

"కూలర్ రేపు తెద్దాం" అన్నాడు జమునతో.

ఆమె చెప్పులు విప్పేసింది. ఆ 'రేపు' ఎన్నిసార్లు విన్నదో.

మధ్యాహ్నానికి కంప్యూటర్ గదికి సున్నం పూర్తయింది. తలుపు దగ్గర ఎర్ర బకెట్లు వేలాడాయి. స్టోర్సు నుంచి నాలుగు, దవాఖాన నుంచి మూడు కంప్యూటర్లు తెప్పించి వరసగా పేర్చారు. వాటి ముందు కూర్చోవడానికి మనుషులు కావాలి. బొగ్గు నింపే పోశం, ఊడ్చే ఐలవ్వ, మరికొందరు దొరికారు.

"నాకు చీపురు తప్ప ఏం రాదు సర్దార్" అంది ఐలవ్వ.

"ఏం రానవసరం లేదు. వేళ్ళు కదుపుతుండు. అడిగితే హాజరు ఎక్కిస్తున్న అను."

సెక్షన్‌లో నిజంగా కంప్యూటర్ తెలిసినవాడు ఆపరేటర్ తోమాసు ఒక్కడే. అతను తల గోక్కున్నాడు. "అన్నా, పేరు, పాస్‌వర్డు లేకుంటే స్క్రీనే తెరుచుకోదు. వీళ్ళందరికీ పేర్లు ఎక్కియ్యాలె."

"ఎక్కియ్యి మరి."

"ఒక్కొక్కటి కొట్టుడెందుకు? అందరి పేర్లున్న హాజరు మస్టర్ ఉంది గదా. గని మొత్తాన్ని ఒక్క దెబ్బల ఎక్కిస్తా. మేడం ఎవరి పేరు అడిగినా ఉంటది!"

"శభాష్ రా తోమాసూ. నువ్వు నా కింద లోపల పనిచెయ్యాల్సినోడివి."

ఒక్క మీట నొక్కడంతో పద్దెనిమిది వందల మందికి డేటాబేసు తలుపులు తెరుచుకున్నాయి. ఆ నిమిషంలో ఎవరైనా ఒక్కరు 'ఇంతకీ లైసెన్సు తనిఖీ అంటే ఏం చూస్తరు?' అని అడిగి ఉంటే బాగుండేది. ఎవరూ అడగలేదు. తనిఖీ అంటే ఏం చూస్తారో అక్కడ అందరికీ తెలుసు మరి.

మర్నాడు మేనేజర్ భూపాల్ వెంట అనసూర్య అనే ఆ మేడం వచ్చింది. నెమ్మదైన మనిషి. గుమ్మంలో ఇసుక బకెట్లను చూసి ఒక్క క్షణం ఆగింది.

"ఇవి ఎందుకండీ?"

"ఉన్నయ్ మేడం" అన్నాడు లింగమూర్తి.

ఆమె లోపలికి వచ్చి వరసగా కూర్చున్నవాళ్ళను చూసింది. "ఈ సిస్టమ్ ఎంతమంది వాడతారు లింగమూర్తి గారూ?"

"గని మొత్తం వాడతది మేడం!"

"మొత్తమా?"

"ఒక్కడు కూడ మిగలడు."

ఆమె ఏదో రాసుకుంది. లింగమూర్తి ఛాతీ ఉబ్బింది. ఆమె ఐలవ్వ పక్కన నిలబడి "మీరేం చేస్తుంటారమ్మా?" అని అడిగింది.

"హాజరు ఎక్కిస్త బిడ్డా. పొద్దుందాక గిదే పని. నడుములు పోతున్నయ్."

మేడం మళ్ళీ రాసుకుంది. తోమాసు దగ్గర కూర్చుని పేర్ల వివరాలు తీయించుకుంది. అవి స్క్రీన్ మీద పైకి కదులుతూనే ఉన్నాయి. ఎంతకీ ఆగలేదు. టీ వచ్చింది.

"మీ హెడ్డాఫీసు నన్ను ఒకే ప్రశ్న అడిగింది" అంది అనసూర్య కప్పు అందుకుంటూ. "ఇక్కడ ఇరవై పేర్లకు లైసెన్సు కొన్నారు. ఇరవై దాటలేదంటే సెక్షన్ ఉంచుతామన్నారు. దాటితే, ప్రతి పేరుకీ విడిగా కట్టాలి."

లింగమూర్తి కప్పు కింద పెట్టాడు. "ప్రతి పేరుకా?"

"అవును. పద్దెనిమిది వందల పేర్లకూ."

"కట్టుడు ఎంతైతది మేడం?"

ఆమె చెప్పింది. మేనేజర్ భూపాల్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. ఆ డబ్బుతో గనికి కొత్త యంత్రమే వస్తుంది.

ఇరవై ఏళ్ళ అనుభవం లింగమూర్తి కళ్ళ ముందే తలకిందులైంది. గని తనిఖీలో ఎంత ఎక్కువ చూపిస్తే అంత క్షేమం. ఇక్కడ ఎంత తక్కువ ఉంటే అంత క్షేమం. జీవితంలో మొదటిసారి తనిఖీలో నిజం చెప్పడానికి సిద్ధపడ్డాడు.

"మేడం, వీళ్ళెవలికీ కంప్యూటర్ రాదు. నిన్ననే కూసోబెట్టిన. పోశం కాకా, చెప్పు! నీకు కంప్యూటర్ వచ్చా?"

పోశం లేచి నిలబడ్డాడు. ఎన్నో తనిఖీలు చూసిన మనిషి. సర్దార్ తనను పరీక్షిస్తున్నాడని అర్థం చేసుకున్నాడు. నోరు జారితే ఏమవుతుందో అతనికి తెలుసు.

"గట్లంటవేంది సర్దార్! రోజు కొడ్త గదా!"

"లేదు కాకా, నిజం చెప్పు."

"నిజమే చెప్తున్న. ఇది లేకుంటే నాకు పొద్దే పోదు మేడం."

వరస మొత్తం తలలూపింది. ఐలవ్వ అయితే ఇంటికి పోయాక కూడా వేళ్ళు ఆడుతూనే ఉంటాయని చెప్పింది. లింగమూర్తి ఎంత బతిమాలితే వాళ్ళు అంత గట్టిగా నిలబడ్డారు. అతను నేర్పిన క్రమశిక్షణే అది.

అనసూర్య జాలిగా చూసింది. "వాళ్ళు వాడినా, వాడకపోయినా ఒకటే లింగమూర్తి గారూ. పేరు ఉందంటే లెక్కలోకి వస్తుంది."

"ఇప్పుడే తీసేస్తం మేడం! తోమాసూ, తియ్యిరా!"

"తీసినా, నిన్న ఎక్కించినట్టు మిషన్‌లో నమోదై ఉందండీ. చూసింది చూడలేదని రాయలేను." ఆమె సంచీ సర్దుకుంది. గుమ్మం దగ్గర ఆగి మెల్లగా అంది. "మొన్న మీరెలా ఉన్నారో అలాగే ఉండి ఉంటే, పది నిమిషాల్లో సంతకం పెట్టి వెళ్ళేదాన్ని."

ఆ మాటే లింగమూర్తికి అన్నిటికన్నా బరువుగా తగిలింది.

సెక్షన్ మూసే రోజు సాయంత్రం తోమాసు ఒక్కొక్క మిషన్ ఆపుతుంటే, లింగమూర్తి కిటికీ దగ్గర నిలబడ్డాడు. అవతల పోశం ఉన్నాడు.

"సర్దార్, నా సెలవులెన్నో ఒక్కసారి చూస్తవా?"

"ఆగిపోయింది కాకా. ఇగ పాత రిజిస్టర్లే. వారం పడతది."

పోశం కిటికీకి ఇంకొంచెం దగ్గరగా జరిగి, "ఆ దినం నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?" అని అడిగాడు.

లింగమూర్తి అతని ముఖంలోకి చూశాడు. అబద్ధం చెప్పడం తనకు అలవాటే. ఈసారి మాత్రం కష్టమైంది.

"లేదు కాకా. మస్తు చెప్పినవ్."

ఏసీ తనే ఆపాడు. గదిలోకి ఎండ వాసన వచ్చింది.

వారం తర్వాత హెడ్డాఫీసు నుంచి కవరు అందింది. అందులో రెండు కాగితాలు. మొత్తం కంపెనీలో కంప్యూటర్‌ను అత్యధిక కార్మికుల చేత వాడించినందుకు లింగమూర్తికి అభినందన పత్రం మొదటిది. అంత వాడకానికి లైసెన్సు డబ్బు కట్టలేక సెక్షన్ ఎత్తివేసినందున, అతణ్ణి ల్యాంపు రూముకు బదిలీ చేసిన ఉత్తర్వు రెండోది.

రెండూ ఒకే కవర్లో వచ్చాయి. పొదుపును కంపెనీ అక్కడి నుంచే మొదలుపెట్టింది.