కథలో ఉన్నది నేను కాను

ఆ ఉదయం గంట ముందే ఆఫీసుకు వెళ్లి, గది తలుపు మీద తన పేరు పలకను రెండంగుళాలు పైకి బిగించుకోవాలని నీటి సరఫరా శాఖ సూపరింటెండెంటు అనుకున్నాడు. కాఫీ తాగుతూ వారపత్రిక తిరగేయకపోతే అలాగే జరిగేది. అందులో ఒక హాస్య కథ. కథలో ఒక అధికారి. ఎవరూ లేని గదిలోకి వెళ్లేటప్పుడు కూడా, కుర్చీలు లేచి నిలబడతాయని కాబోలు, ముందుగా ఒకసారి దగ్గుతాడు. రాసింది తన ఆఫీసు టైపిస్టే.

ఆయనకు ఒళ్లు మండిపోయింది. "చూశావుటే? ఇది నా మీదే!"

భార్య చదివి పకపకా నవ్వింది. "మీరెలా అవుతారండీ? మీరు రెండుసార్లు దగ్గుతారుగా!"

ఆఫీసుకు రాగానే ఆయన అన్ని విభాగాలకూ నోటీసు పంపాడు: "ఈ వారపు పత్రికలో వచ్చిన సదరు హాస్య కథలో కనిపించు అధికారి నేను కానని ఇందుమూలముగా తెలియజేయడమైనది." అప్పటిదాకా ఆ కథ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. పదకొండు గంటలకల్లా వీధి చివరి కొట్లో పత్రిక ఒక్కటీ మిగల్లేదు. పై అంతస్తు వాళ్లు కూడా పని కల్పించుకుని వచ్చి, ఆయన గది ముందు చెవులు రిక్కించి నడిచారు. గొంతులో గరగర మొదలైనా దగ్గే వీల్లేక ఆయన మొహం కందగడ్డలా అయింది.

ఇంతలో ఆ ఆఫీసులో ఉన్న రెండో అధికారి, ఇంజనీరు, విసురుగా వచ్చాడు. "మీరు కాదని నోటీసేంటండీ? అంటే నేనని చాటింపు వేసినట్టేగా!"

"మీకంత సీను లేదు. అది నేనే!" అనేసి, సూపరింటెండెంటు నాలిక కరుచుకున్నాడు.

టైపిస్టును పిలిపించారు.

"నిజం చెప్పు, లేకపోతే బదిలీ ఖాయం. ఎవరి మీద రాశావు?"

ఇంట్లో చంటిపాప, మంచాన పడ్డ అత్తగారు ఆమె కళ్ల ముందు మెదిలారు. "మా నాన్న మీదండీ," అంది.

"చదివి ఆయన ఊరుకున్నాడా?"

"ఎదురింటాయన్ని భలే కడిగేశావమ్మా అని మెచ్చుకున్నారండీ."

ఇంజనీరు 'హమ్మయ్య' అనుకుంటూ వెళ్లిపోయాడు. సూపరింటెండెంటు మాత్రం కుర్చీలో కూలబడ్డాడు.

"అయితే నేను అందులో ఎక్కడా లేనా?"

"లేరండీ. ఒట్టు."

"ఒక్క వాక్యంలో కూడా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంకో కథేమైనా రాస్తున్నావా?"

ఆ ఏడాది టైపిస్టు అడిగిన ఏ సెలవునూ ఆయన కాదనలేదు.