సిగ్నల్ పల్చబడే చోటు

ఆ ఆదివారం పొద్దున్న టైల్సాయన వేసుకున్న లెక్క చాలా చిన్నది. తొమ్మిదింటికి మొదలుపెడితే పన్నెండుకల్లా ఇల్లంతా వైఫైకి కలిపేయాలి. నాలుగింటికి అక్క తన ఫోన్లోంచి కెమెరాలో చూస్తుంది. ఇల్లు ఇల్లులా కనిపిస్తే సరే. లేకపోతే సోమవారమే బండి పంపించి, సామానుతో సహా తమ్ముణ్ణి తన ఇంటికి తీసుకుపోతుంది.

అక్క అన్నంత పనీ చేసే మనిషి. టైల్సాయన భార్య పోయి మూడేళ్లయింది. టైల్స్ షాపులో రోజంతా గొంతు చించుకునే మనిషికి ఇంటికొచ్చాక నోరు విప్పే పనే లేదు. కిందటి ఆదివారం మొత్తమ్మీద తొమ్మిది మాటలు ఖర్చయ్యాయి: అయిదు పాలవాడితో, నాలుగు తనతో తనకే. అయినా ఆ ఇల్లు వదలలేడు. ప్రతి గదిలోనూ భార్య ఏరిపెట్టిన టైల్సే. అందుకే మూడు వైఫై డబ్బాలు, పదకొండు బల్బులు, స్విచ్చులు, మాట్లాడే స్పీకరు, కెమెరా, నంబర్లు నొక్కితే తెరుచుకునే తాళం కొనేశాడు. పిలిస్తే పలికే ఇల్లుండగా ఒంటరివాడని ఎవరంటారు?

డబ్బాలు గదికొకటి పెట్టాడు. తాళం మొదటి దెబ్బకే కుదిరింది. దాని నంబరు కాగితం మీద రాసి తలుపు లోపలివైపు అంటించాడు. రాసిపెట్టినదాన్ని గుర్తుపెట్టుకోవడం దండగని ఆయన ముప్ఫయ్యేళ్ల వ్యాపార సూత్రం.

బల్బు మాత్రం మొండికేసింది. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి పలికింది.

"సర్, వైఫైలో రెండు లైన్లుంటాయి. మీ ఫోన్ వేగం లైన్లో ఉంది. బల్బుకి నెమ్మది లైను కావాలి. సిగ్నల్ పల్చబడేదాకా దూరం జరగండి, ఫోనే అందులోకి మారుతుంది, అక్కడ కలపండి."

ఆయన హాల్లోకి జరిగాడు. సిగ్నల్ నిండుగా ఉంది. వరండాలోకి వెళ్లాడు. అక్కడా నిండుగానే ఉంది. ఇంట్లో ఏ మూలా సిగ్నల్ తగ్గకూడదనే కదా మూడు డబ్బాలు కొన్నది! పదిసార్లు తిరగడం ఎందుకని బల్బులూ స్పీకరూ కెమెరా ఉన్న అట్టపెట్టె మొత్తం చంకనెత్తుకుని, ఒక బల్బు చేతబట్టుకుని వీధి దాటాడు. వెనకాల తలుపు మూసుకుని 'టక్' మంది.

ఎదురింటి గుమ్మంలో సిగ్నల్ ఒక్క గీతకి దిగింది. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే దర్జీ ఆవిడ టేపు మెళ్లో వేసుకుని బయటికొచ్చింది. ఆరేళ్లుగా ఇద్దరి మధ్యా నడిచింది "కొరియర్ వచ్చింది" అన్నంతవరకే.

"ఏంటండీ టైల్స్ గారూ, పట్టపగలు బల్బు పట్టుకుని ఎవర్ని వెతుకుతున్నారు?"

"సిగ్నల్ సరిగ్గా రాని చోటండీ."

"ఊరంతా వచ్చే చోటు వెతుక్కుంటే మీకిదేం రోగం? లోపలికి రండి, ప్లగ్గుంది."

మొదటి బల్బు ఆవిడ గదిలో వెలిగింది. దాన్ని ఊడదీసి పట్టుకుని ఇంటికి పోబోతే తలుపు నంబరు అడిగింది. నంబరు తలుపు లోపల ఉంది. తాళాలవాడికి ఫోన్ చేస్తే సాయంత్రం అయిదన్నాడు. టైల్సాయన మళ్లీ వీధి దాటాడు.

"చేతిలో ఉన్నవన్నా కలిపేసుకోండి. ఖాళీగా కూర్చుని నా మొహం చూస్తారా ఏంటి?" అందావిడ.

హోల్డర్లు చాలక ఆవిడ పాత బల్బులన్నీ ఊడదీశారు. స్పీకరు కుట్టుమిషన్ పక్కన చేరింది. కెమెరా అలమర ఎక్కింది. ఒక్కొక్కటి వెలుగుతుంటే ఆవిడ ఒక్కొక్క వెక్కిరింత విసిరింది, ఆయన ఒక్కొక్క జవాబు చెప్పాడు. ఒంటిగంటకల్లా నెలకి సరిపడా మాటలు చెల్లిపోయాయి. గడియారం సంగతి ఇద్దరికీ పట్టలేదు.

"రెండో గుండీ ఏదండీ? షాపుకి కూడా ఇలాగే వెళ్తారా? కదలకండి," అని ఆవిడ సూది అందుకుంది. కుట్టు పూర్తిచేసి, దారం పళ్లతో తెంపడానికి ఆయన చొక్కా మీదికి వంగింది.

నాలుగయింది. అలమర మీది కెమెరా గొంతు సవరించుకుంది.

"ఎవర్రా ఆవిడ?"

టైల్సాయన ఒక్క అడుగు వెనక్కి వేశాడు. "అక్కా, అది... ఇక్కడ సిగ్నల్ పల్చగా ఉంటుందని..."

"సిగ్నల్ సంగతి నాకెందుకురా! ఎన్నాళ్ల నుంచీ?"

"పొద్దున్న పదకొండు నుంచే అక్కా!"

"ఇందాక నేను చూసేసరికి నవ్వుతున్నావే! ఈ మూడేళ్లలో ఫోన్లో నీ నవ్వు విన్నదే లేదు." "బండి వద్దని చెప్పేస్తున్నా. అమ్మాయ్, కింది గుండీ కూడా వదులుగా ఉంది, చూడు."

కెమెరా ఆగిపోయింది. ఇద్దరూ నేలచూపులు చూశారు. నేల మీద వట్టి సిమెంటే. ఏ టైల్సు వేస్తే బావుంటుందో ఆయన మనసులో ఒక లెక్క నడిచింది.

"ఇల్లు దక్కింది. అయిదింటికి తాళాలవాడు వస్తే చాలు," అన్నాడు చివరికి.

"అవసరం లేదండీ," అంది ఆవిడ, దారం చుడుతూ. "మీ పక్క సందు తలుపు బార్లా తెరిచుంది. మేడ మీద బట్టలారేస్తుంటే కనపడింది."

పొద్దున్న ఖాళీ అట్టలు పడేసి వచ్చి అది మూయలేదని ఆయనకప్పుడు తట్టింది. "ఎప్పుడు చూశారు?"

"పన్నెండింటికి."

"మరి చెప్పలేదేం?"

ఆవిడ సూదిని సూదుల దిండులో గుచ్చింది. "మీరు అడగలేదుగా. ఇవన్నీ ఎప్పుడు పట్టుకెళ్తారు?"

"రోజుకొకటి చొప్పున," అన్నాడు టైల్సాయన.

మర్నాడు వచ్చి ఒక బల్బు పట్టుకెళ్లాడు, మళ్లీ వచ్చేటప్పుడు రెండు తెచ్చాడు.