ఇంటర్వ్యూ రోజు నిశ్శబ్దం

ఆ రోజు ఉదయం పది గంటలకు అమ్మాయికి కాలేజీ ఇంటర్వ్యూ. కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు, ప్రొఫెసరుగారు తెరమీద కనిపించి ప్రశ్నలు అడుగుతారు. అయితే ఆ కాసేపటి కోసం ఆ ఇంట్లో, అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉన్నప్పటి నుంచీ ఏర్పాట్లు జరుగుతున్నాయి.

ఏర్పాట్లన్నీ వాళ్ళ నాన్నవే. ఆయన బస్సు డిపోలో బస్సుల వేళలు నిర్ణయించే ఉద్యోగి. అందరూ టైంటేబుల్ గారంటారు. కూతురి హైస్కూలు చదువునూ ఆయన బస్సులాగే నడిపారు. తొమ్మిదిలో చదరంగం, పదిలో వక్తృత్వం, ఆ పైన అనాథాశ్రమంలో సేవ. పిల్లకి చదరంగం మీద ఇష్టం పుట్టే సమయానికి వక్తృత్వం వేళ అయింది, దిగిపొమ్మన్నారు. ఇంటర్వ్యూలో రాగల ప్రశ్నలన్నిటికీ జవాబులు తనే రాసిచ్చి బట్టీ పట్టించారు. పాపం, ఆయనకు కాలేజీ గడప తొక్కే యోగం లేకపోయింది. ఆ బాధ నిజమైనది కాబట్టి ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేకపోయేవారు.

ఇక మిగిలింది తాతయ్య. ఆయన రేడియో వీధి చివరిదాకా వినిపిస్తుంది. దగ్గు ఇంకాస్త ముందుకు వెళ్తుంది.

"నాన్నా, మీకు దణ్ణం పెడతా. ఈ కాసేపూ రేడియో పెట్టకండి, దగ్గకండి. దాని జీవితం మీ చేతుల్లో ఉంది."

"చేతుల్లో కాదురా, గొంతులో" అన్నారు తాతయ్య. మనవరాలంటే ఆయనకు ప్రాణం. వెనక గదిలోకి వెళ్ళి, దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని పడుకున్నారు. కొడుకు తలుపు మూశాడు.

పది దాటగానే ఎదురింటావిడ వచ్చింది. "రేడియో వినపడట్లేదేంటి అన్నయ్యగారూ? పెద్దాయన బానే ఉన్నారా?"

లోపల ఇంటర్వ్యూ మొదలైంది. నోరు విప్పే పరిస్థితి కాదు. టైంటేబుల్ గారు మూసిన తలుపు వైపు చూపించి, దయచేసి వెళ్ళమని రెండు చేతులూ జోడించారు. రాత్రంతా నిద్రలేక ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని గబగబా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అన్నీ కలిసొచ్చాయి. కింద వడ్రంగి రంపం ఆపేశాడు. వాచ్‌మన్ నీళ్ళ మోటారు కట్టేశాడు. మేడమీద పిల్లల్ని ఎవరో కసిరి కూర్చోబెట్టారు. టైంటేబుల్ గారికి గుండె నిండిపోయింది. ఒక పిల్ల చదువు కోసం జనం ఇంత శ్రద్ధ చూపిస్తారని ఆయన కలలో కూడా అనుకోలేదు. గుమ్మంలో నిలబడి, కనిపించిన వాళ్ళందరికీ దణ్ణం పెట్టారు. వాళ్ళు చెప్పులు విప్పి, తలలు వంచుకుని, ఒక్కొక్కరే లోపలికి వచ్చి అమ్మాయి వెనకాలే వరసగా కూర్చున్నారు. ఎందుకొచ్చారని అడగడానికి లేదు, అడిగితే ఇంటర్వ్యూలో వినబడుతుంది. వడ్రంగి ఆయన్ని కావలించుకుని వీపు నిమిరాడు. ఏం చేయాలో తోచక ఆయన కూడా వడ్రంగి వీపు నిమిరారు.

తెరమీద ప్రొఫెసరుగారు అడిగారు. "నీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏంటమ్మా?"

"చదువండీ. అందులోనూ మీ కాలేజీలో చదువు. దానికోసం నేను దేన్నైనా..."

ప్రొఫెసరుగారి చూపు అమ్మాయి భుజం మీదుగా వెనక్కి పోయింది. "మీ ఇంట్లో ఏమైనా జరిగిందా?"

అమ్మాయి వెనక్కి తిరిగింది. ఎదురింటావిడ పూలు పట్టుకుని ఏడుస్తోంది. ఆ వెనక మూసిన తలుపు. "తాతయ్యా!" అని కేకపెట్టి అమ్మాయి పరుగెత్తింది. కుర్చీ పడింది, వైరు ఊడింది, తెర నల్లబడింది.

తాతయ్య కందిపోయిన ముఖంతో దుప్పటి కరుచుకుని కూర్చున్నారు. "అయిపోయిందా తల్లీ? ఇక దగ్గొచ్చా?"

పిల్ల ఆయన్ని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన తనివితీరా దగ్గారు. ముందు గదిలో అందరూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. పూలు ఏం చేయాలో తెలియక ఎదురింటావిడ వాటిని బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం కాలేజీ నుంచి కబురు వచ్చింది. మీ కుటుంబానికి మా సానుభూతి, సోమవారం మళ్ళీ మాట్లాడదాం అని.

"చూశావా, ఇంకో అవకాశం! పోయారని మనం చెప్పలేదుగా, వాళ్ళే అనుకున్నారు" అన్నారు టైంటేబుల్ గారు.

"సోమవారం దాకానేగా. పోయినట్టే ఉంటాలేరా" అన్నారు తాతయ్య ఉదారంగా.

"తాతయ్యని చంపి తెచ్చుకునే సీటు నాకొద్దు నాన్నా."

ఈ జవాబు ఆయన రాసిచ్చింది కాదు.

సోమవారం అమ్మాయి తాతయ్యను పక్కన కూర్చోబెట్టుకుని జరిగిందంతా చెప్పేసింది. గుమ్మం దగ్గర తండ్రి, సీటు పోయినట్టేనని గోడకు ఆనుకుని నిలబడ్డారు. "ఆ రోజు మధ్యలో లేచిపోయాను. క్షమించండి. ఆ ప్రశ్న మళ్ళీ అడగండి, సరిగ్గా చెప్తాను" అంది అమ్మాయి.

ప్రొఫెసరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అక్కర్లేదమ్మా. అన్నిటికన్నా ముఖ్యమైనది ఏంటని అడిగితే నోటితో ఒకటి చెప్పి, వెంటనే ఇంకోదాని కోసం పరుగెత్తావు. నేను రెండోదాన్నే రాసుకున్నాను."

సీటు వచ్చింది.

ఆ నెలలోనే ఎదురింటావిడ, తన కూతురు ఎనిమిదో తరగతిలోకి వచ్చిందనీ, ఇప్పటి నుంచి ఏమేం చేయించాలో చెప్పమనీ అడిగింది. టైంటేబుల్ గారు ఆవిణ్ణి కూర్చోమని, "మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా అమ్మా?" అన్నారు.