జయరాముడి వరద బీమా

ఆ రోజు పొద్దున్నే జయరాముడు వేసుకున్న పథకం చాలా చిన్నది. బస్సెక్కి అనంతపురం పోవాలి, షట్టరు గదిలో పెట్టిన ఇంటి సామాన్లకు బీమా కట్టాలి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి. ఇంత మాత్రానికే ఊరు తలకిందులవుతుందని ఆయనకే కాదు, ఎవరికీ తట్టి ఉండదు.

ఊరంటే రాప్తాడుకు కూతవేటు దూరంలో ఉన్న పల్లె. పాత మిద్దె ఎప్పుడు నెత్తిన పడుతుందో తెలియక, జయరాముడు ఎండాకాలంలో దాన్ని పడగొట్టించి కొత్త ఇల్లు మొదలుపెట్టాడు. ఆయనా, భార్య కదిరమ్మా పక్కవీధిలో ఒక గది అద్దెకు తీసుకుని ఎలాగో సర్దుకున్నారు గానీ సామాను సర్దుకోలేదు. వాళ్ల నాయన చేయించిన టేకు మంచం, బీరువా, ఫ్రిజ్జు, పరుపులు, కదిరమ్మ ఇత్తడి బిందెలు, అన్నీ కలిసి హైవే పక్కన నెలనెలా అద్దెకిచ్చే షట్టరు గదుల్లో ఒకదానిలో చేరాయి. ఆ గదుల వరుసంతా ఒక పాత వంకను చదును చేసి కట్టింది. అందులో నీళ్లు పారడం చూసి ఏళ్లు గడిచిపోవడంతో జనం దాన్ని వంక అనడం కూడా మానేశారు.

జయరాముడు ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా జీవితమంతా పనిచేసి, కాలువలో నీళ్లు చూడకుండానే రిటైరైన మనిషి. చేతికి ఎముక ఉన్న మనిషి కూడా. పెళ్లి పత్రిక వస్తే ఖాళీ వైపు కత్తిరించి చీటీలు రాసుకుంటాడు. అట్లాంటి ఆయన బీమాకు ఒప్పుకోవడమే పెద్ద వింత. నాయన మంచానికి ఏమైనా అయితే తట్టుకోలేనన్న భయమే ఆయన్ను బస్సెక్కించింది.

ఏజెంటు ఓబిలేష్ మర్యాదగా కుర్చీ వేసి, నిప్పుకూ దొంగతనానికీ కలిపి ఎంతవుతుందో చెప్పాడు. జయరాముడి ముఖం మాడిపోయింది. అప్పుడు ఓబిలేష్ గొంతు తగ్గించి, వరద కూడా కలుపుకుంటే ఇంకా తక్కువ పడుతుందన్నాడు.

"వరదా? ఏమప్పా, మనూరికా?"

"వరద వస్తాదని కాదన్నా. ఈ నెల ఆఫర్ ఉండాది. మూడూ కలిపితే రెండిటికన్నా తక్కువ."

తక్కువ అన్న మాట విన్నాక జయరాముడు ఇంకేమీ వినలేదు. వరదతో సహా కట్టేసి, లాభం చేసుకున్న సంతోషంతో అనుకున్న వేళకే ఇల్లు చేరాడు. అన్నం తింటూ ఆ సంగతి కదిరమ్మకు చెప్పాడు. కదిరమ్మ కొళాయి దగ్గర నలుగురికి చెప్పింది. ఆఫరు సంగతి మాత్రం అక్కడి గోలలో చెప్పనేలేదు.

సరిగ్గా అప్పుడే ఊరు ఒక తేలని ఆలోచనలో పడి ఉంది. మొన్న రాత్రి చిన్న వాన పడింది. నేల తడిసిందంటే తడిసింది, లేదంటే లేదు. ఇప్పుడు వేరుశనగ విత్తితే మొలకొస్తుంది, కానీ వెనకాలే ఇంకో వాన రాకపోతే మొలక మాడిపోతుంది. విత్తనం ఒక్కసారికే ఉంది. ఏం చేయాలో తెలియక ఆకాశం వైపు చూస్తున్న జనానికి జయరాముడు కనిపించాడు. ఇరిగేషన్ మనిషి, పైసా ఊరికే వదలని మనిషి, వరదకు దుడ్లు కట్టాడు. ఇంతకన్నా ఏ రేడియో చెప్పాలి?

సాయంత్రానికి బామ్మర్ది నల్లప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు.

"బావా, నిజం చెప్పు. వాన పెద్దదేనా?"

"నాకేం తెల్సు నల్లప్పా. తక్కువ పడతాదని కట్టినా, అంతే."

"అట్లనే చెప్పు బావా. ఆఫీసు గుట్టు బయట పెట్టమంటే నువ్వు మాత్రం ఏం చేస్తావులే," అని నల్లప్ప ఆయన మోకాలు తట్టి, తృప్తిగా లేచిపోయాడు.

తెల్లారేసరికి ట్రాక్టర్లకు విత్తనాలు వేసే గొర్రులు తగిలించారు.  ఆపుదామని జయరాముడు చేలల్లోకి పరుగెత్తాడు. గట్టు మీద నిలబడి, నిజంగా తడి ఉందా అని వంగి ఇంత మట్టి చేతిలోకి తీసుకున్నాడు. జయరాముడు స్వయంగా వచ్చి నేల చూసిపోయాడన్న మాట ఆయన ఇల్లు చేరకముందే ఊరు చేరింది. దాంతో ఇంకా వెనకాడుతున్నవాళ్లు కూడా విత్తేశారు. పల్లంలో ఉండే చెన్నమ్మ తన గడ్డివామిని మెరక మీదికి మార్పించింది. షట్టరు గదుల్లో సామాను పెట్టుకున్న మిగతావాళ్లు వరుసగా ఓబిలేష్ దగ్గరికి పోయి వరద బీమా కట్టారు. ఓబిలేష్ పట్టలేని ఆనందంతో ఊళ్లోకి వచ్చి, అందరూ చూస్తుండగా జయరాముడికి శాలువా కప్పి, పాకం లడ్డూల పెట్టె చేతిలో పెట్టాడు. ఇక ఎవరికైనా అనుమానం మిగిలి ఉంటే ఆ శాలువాతో తీరిపోయింది.

తరువాత వాన రాలేదు. మబ్బు పట్టడం, గాలి లేవడం, మబ్బు పోవడం, ఇదే వరస. మొలకలు లేత పచ్చగా లేచాయి, వారం తిరిగేసరికి తలలు వాల్చాయి. జయరాముడిని ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే ఆయనకు భరించరానిదైంది. తిట్టి ఉంటే ఎదురు తిట్టి, తన తప్పేముందని అడిగేవాడు. ఎదురింటి సిద్దమ్మకు ఉన్నది ఎకరం చేను. విత్తనానికి దాచుకున్న కాయలన్నీ ఒలిచి విత్తేసింది. ఆమె ఎప్పటిలాగే చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చి పోతుంటే, ఆయనకు ఆ మజ్జిగ గొంతు దిగేది కాదు.

కదిరమ్మ మాత్రం అనాల్సింది అనేసింది. "మా నల్లప్ప నిన్ను నమ్మినాడు. నువ్వు చెప్పినావా లేదా అని నేను అడగను. వాడు మాత్రం నమ్మినాడు."

అంతలో పక్క ఊరివాళ్లు తమ దగ్గర ఇంకా విత్తనం ఉందనీ, జయరాముడి మాట మీద వేస్తామనీ కబురు పంపారు.  తనకు ఏమీ తెలియదని లోకానికి తెలియాలంటే జయరాముడికి ఒకటే దారి కనిపించింది. బస్సెక్కి మళ్లీ ఓబిలేష్ దగ్గరికి పోయి, వరద తీసేయమన్నాడు.

"తీసేస్తే ఎక్కువ పడతాదన్నా. ఆఫర్ పోతాది."

"పోనీ."

ఓబిలేష్ ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, పని కానిచ్చాడు. తక్కువ వస్తువుకు ఎక్కువ ధర ఇవ్వడం జయరాముడి జీవితంలో అదే మొదటిసారి. వింతేమిటంటే ఆయనకు బాధ కలగలేదు, ఒంట్లో బరువు దిగినట్టయింది.

తిన్నగా టీ అంగడికి పోయి, వరద బీమా రద్దు చేసుకొచ్చానని అందరికీ వినపడేలా చెప్పాడు.  నల్లప్ప గ్లాసు కింద పెట్టాడు.

"అంటే ఇంక వాన లేదనే కదా బావా," అన్నాడు నెమ్మదిగా.

తనకేమీ తెలియదని చెప్పడానికి పోయిన మనిషి, వాన లేదని చెప్పి వచ్చినట్టయింది.  నల్లప్ప ఆ మొలకలు దున్నేసేదానికి మరుసటి రోజు ట్రాక్టరు మాట్లాడుకున్నాడు.

ఆ సాయంత్రమే తూర్పున మబ్బు లేచింది. ఊళ్లో ఎవరూ తల ఎత్తలేదు, జయరాముడు రద్దు చేశాక మబ్బును చూసేదేముంది? దీపాలు పెట్టే వేళకు మొదలైన వాన తెల్లారేదాకా కురిసింది. వాడిన మొలకలతో సహా చేలు తాగినంత తాగాయి. మిగిలిన నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూ పోయి, అక్కడ షట్టరు గదులు ఉంటే వాటిలోకీ దూరాయి.

పొద్దున జయరాముడూ కదిరమ్మా వెళ్లేసరికి ఫ్రిజ్జు పక్కకు ఒరిగి తేలుతోంది, పరుపులు నీళ్లు తాగి ఉబ్బాయి, బిందెలు వరండాలో తిరుగుతున్నాయి. పక్క గదులవాళ్లు నీళ్లలో నిలబడే ఓబిలేష్‌కు ఫోన్లు చేస్తున్నారు. వాళ్లందరికీ వరద బీమా ఉంది. ఆ వరుసలో లేనిది ఒక్క జయరాముడికే.

కదిరమ్మ మోకాలి లోతు నీళ్లలో దిగి, తన సంసారమంతా అట్లా తేలుతుంటే ఒక్క క్షణం చూసింది. తరువాత ఫోను తీసి తమ్ముడికి చేసింది.

"నల్లప్పా, చేన్లో బాగా పడిందా?"

అటునుంచి నల్లప్ప ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. జయరాముడికి మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతటి నష్టంలో ఇంత హాయిగా ఉండటం ఆయనకే సిగ్గనిపించింది.

గంటలో ఊరు ఊరంతా దిగింది. దున్నడానికి మాట్లాడుకున్న ట్రాక్టరు మీదే సామాను ఎక్కించారు. టేకు మంచాన్ని నలుగురు భుజాల మీద మోసుకొచ్చి సిద్దమ్మ వాకిట్లో ఆరబెట్టారు. దానికేమీ కాలేదు. సిద్దమ్మ మజ్జిగ చెంబు తెచ్చి ఇస్తే జయరాముడు గటగటా తాగేశాడు.

"నాకు నిజంగా ఏమీ తెలీదు నల్లప్పా," అన్నాడు మూతి తుడుచుకుంటూ.

"తెల్సు బావా," అన్నాడు నల్లప్ప. "నువ్వు కడితే రాదు, తీసేస్తే వస్తాది. అది మాకు ఇప్పుడు తెలిసింది."

కొత్త ఇల్లు పూర్తయి ఏడాది దాటింది, సామానంతా ఇంటికి వచ్చేసింది. అయినా ఆ షట్టరు గదికి ఊరు చందాలు వేసుకుని అద్దె కడుతోంది. లోపల జయరాముడి విరిగిన కుర్చీ ఒకటి ఉంది. దానికి నిప్పు, దొంగతనం, వరద మూడింటికీ బీమా ఉంది. వరద ఒక్కటీ ఏటా విత్తనం వేసిన మరునాడు రద్దవుతుంది.