మా సందు దీపం ఇలాగే ఆరి చల్లగా ఉండాలి

వీధి దీపం వెలగడం అంత మంచిది కాదండీ.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. వెలిగే దీపం కింద కాపురం చేసేవాళ్ళకి ఏం తెలుస్తుంది? ఆరిపోయిన దీపం కింద చేసి చూడండి, సుఖమంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. నేనుండేది అలెగ్జాండ్రియాలో. సముద్రం వాసన వస్తుంది గానీ సముద్రం కనపడని పేట మాది. అందులో అబూ దర్వీష్ సందు, ఐదో అంతస్తు. సందు మొత్తానికీ ఒక్కటే దీపం. అది వెలగదు. మేం అదృష్టవంతులం!

అనుమానంగా ఉంటే ఒకసారి మా పెద్దరోడ్డు మీదికి వెళ్ళి చూడండి. అక్కడి దీపాలు మిట్టమధ్యాహ్నం వెలుగుతాయి. మండుటెండలో సూర్యుడికి సాయం చేసి చేసి, పాపం, సాయంత్రానికి అలిసిపోయి ఆరిపోతాయి. డ్యూటీ అంటే డ్యూటీయే కదా! మనిషిని రెండు షిఫ్టులు చెయ్యమంటే ఊరుకుంటాడా? దీపం మాత్రం ఎందుకు చెయ్యాలి? మా సందు దీపం ఇంకా పెద్దమనిషి. పగలూ వెలగదు, రాత్రీ వెలగదు. దానికి పక్షపాతం అన్నదే లేదు.

ఇంత మంచి గుణం దానికి ఊరికే రాలేదు. ఎదురింటి మేడ నేర్పింది.

మా సందు ఎంత వెడల్పంటే, రొట్టెల పళ్ళెం నెత్తిన పెట్టుకుని సైకిల్ మీద మనిషి వస్తే మిగతావాళ్ళంతా గోడకి అతుక్కుపోవాలి. అలాంటి సందులో హాజీ ఫర్గలీ అనే కాంట్రాక్టరు ఒక పాత పెంకుటింటిలాంటి చిన్న కొంపని పడగొట్టి మేడ లేపాడు. ఐదు అంతస్తులకి పర్మిషన్ తీసుకున్నాడు. మిగతావి పిల్లలు పెరిగినట్టు వాటంతటవే పెరిగాయి. పెరిగేదాన్ని ఆపడం పాపం కదా!

మేడ లేచాక మాకు ఎండ రావడం మానేసింది. ఎండ లేకపోతే ఎన్ని లాభాలో! ఆరేసిన బట్టలు రంగు వెలవవు. ఎలా వెలుస్తాయి, అసలు ఆరితే కదా? ఎదురు వంటింట్లో ములూఖియా కూరలో వెల్లుల్లి తాలింపు పడితే తుమ్ము నాకొస్తుంది. ఉప్పు అయిపోతే కిటికీలోంచి చెయ్యి చాపితే చాలు. పైగా ఆ మేడ మెల్లగా మా వైపు ఒరుగుతోంది, చెవుడున్న మనిషి మాట వినడానికి ముందుకి వంగినట్టు. నేను కంగారు పడితే మా ఆయన ఆషూర్, "ఇంకొంచెం ఒరగనీ. మన ఇంటికి ఆనుకుందంటే ఇక పడదు" అని ధైర్యం చెప్పాడు. ఆయన మైక్రోబస్సు నడుపుతాడు. మీదికి ఏది వస్తున్నా కంగారు పడడు. మా ఇంట్లో కంగారు డిపార్ట్‌మెంటు నాది.

ఇక దీపం సంగతి. మొదటి అంతస్తు దగ్గర మేడ సందులోకి ఓ అడుగు ముందుకొచ్చింది. వచ్చిన దారిలో వీధి దీపం స్తంభం ఉంది. ఇంకొకరైతే నిర్దయగా పీకి పారేసేవాళ్ళు. హాజీ అలాంటివాడు కాదు. స్తంభం చుట్టూ జాగ్రత్తగా కాంక్రీటు పోయించాడు. ఇప్పుడది ఎవరిదో బాల్కనీ మధ్యలోంచి మొక్క మొలిచినట్టు మొలిచి ఉంది. లోపల వైరు తెగింది, దీపం ఆరింది. ఆ ఇంట్లో కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల స్తంభానికి వెల్లుల్లి జడలు వేలాడదీసింది. పొద్దున్నే తడిగుడ్డతో తుడుస్తుంది, పండక్కి రంగు కూడా వేసింది. వీధి దీపాన్ని ఇంత ప్రేమగా చూసుకునే పట్నం ఇంకోటి చూపించండి!

అయినా తృప్తిలేని మనుషులు కొందరుంటారు. నేనే. దీపం వెలగడం లేదని పేటాఫీసుకి వెళ్ళి అర్జీ ఇచ్చాను.

ఆఫీసువాళ్ళు ఎంత పద్ధతి గలవాళ్ళో! కుర్చీ చూపించారు, మంచినీళ్ళిచ్చారు. స్తంభం వీధిలో లేదు కదమ్మా, ఇంట్లో ఉంది, ఇంట్లో ఉన్న దీపం బాధ్యత ఇంటి యజమానిది, ఆయన్ని తీసుకురా అన్నారు.

యజమాని అంటే హాజీ ఫర్గలీ అనుకుంటున్నారా? మీకు మేడలు కట్టడం తెలీదన్నమాట. శ్లాబు పోసిన రోజున దూడని కోసి, ఆ నెత్తుట్లో చెయ్యి ముంచి, గోడ మీద అరచేతి ముద్ర కొట్టింది హాజీ. కాగితం మీద బొటనవేలి ముద్ర వేసింది షిహాతా బాబాయి. అరచెయ్యి దిష్టి కోసం, బొటనవేలు కోర్టు కోసం. ఇలా వేలు అద్దెకిచ్చే మనిషిని మా ఊళ్ళో కాహూల్ అంటారు. మేడ ఆయన పేరున ఉంటుంది, కేసులు ఆయన పేరున పడతాయి, ఫ్లాట్లు మాత్రం హాజీ అమ్ముకుంటాడు. ఎవరి పని వాళ్ళు చేస్తే గొడవలెందుకొస్తాయి?

అంత మేడకీ యజమాని అయిన షిహాతా బాబాయి ఆ మేడ మెట్ల కింద పడుకుంటాడు. పగలు సందు మొదట్లో తోపుడుబండి మీద ఉప్పునీళ్ళలో నానేసిన తుర్ముస్ గింజలు అమ్ముతాడు. నేను బండి దగ్గరికెళ్ళి, యజమానివి నువ్వే కదా బాబాయ్, ఆఫీసుకి రా అన్నాను. ఆయన గింజల మీద నిమ్మకాయ పిండుతూ నవ్వాడు.

"వస్తా తల్లీ. కానీ వాళ్ళు నన్ను మళ్ళీ బయటికి పంపిస్తారో లేదో. నా మీద ఎన్ని కేసులున్నాయో హాజీ ఇంకా చెప్పలేదు."

"అసలు నీ మేడ ఎన్ని అంతస్తులో నీకు తెలుసా?"

"మూడోదాకా ఎక్కి చూశా. ఆ పైన మోకాళ్ళు ఒప్పుకోలేదు. పైన నేనేం కట్టానో నాకే తెలీదు."

అయినా వచ్చాడు. మా అమ్మాయి బస్మలా బడికి వెళ్తూ రోజూ ఆయన దగ్గర గుప్పెడు గింజలు పుచ్చుకుంటుంది, అందుకని వచ్చాడు. వేలిముద్ర వేశాడు. ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి చీకటిని చూసి, నిజమే అని రాస్తే స్తంభం బయటికి మార్చి దీపం వేస్తామన్నారు.

ఇంతకీ దీపంతో నీకేం పని, చక్కగా తలుపేసుకుని ఇంట్లో కూర్చోక, అంటారు మీరు. నాకేం పని లేదు. పని బస్మలాకి. అది రెండో తరగతి. మా పేట బడిలో పిల్లలు ఎక్కువ, గదులు తక్కువ. అందుకని అదే గదుల్లో పొద్దున ఒక బడి, మధ్యాహ్నం ఇంకో బడి నడుస్తాయి. మా దానికి మధ్యాహ్నం బడి పడింది. చలికాలంలో అది సందు మొదటికి వచ్చేసరికి పొద్దుగూకాక వచ్చే మగ్రిబ్ అజాన్ అయిపోయి కటిక చీకటి. మా గుమ్మానికి ఇవతలే ఒక గుంత. హాజీ ఇంకో మేడకి పునాది తవ్వించి వదిలేశాడు, నీళ్ళు ఊరాయి. దాటడానికి అడ్డంగా ఒక చెక్క.

దిగి తెచ్చుకోవచ్చు కదా? తెచ్చుకోవచ్చు. చంకలో చిన్నవాడికి సిమెంటు దుమ్ము తగిలిందంటే గుండెల్లో పిల్లికూతలు మొదలవుతాయి. వాడిని ఎత్తుకుని దిగలేను, ఐదో అంతస్తులో ఒంటరిగా వదిలేసి దిగలేను. పొద్దున ఆషూర్ ఇంట్లో ఉన్నప్పుడే నేను బయటికి కదిలేది; రాత్రి ఆయన బస్సు దిగేసరికి పిల్లలు నిద్రపోతారు.

అందుకని బుట్ట దించాను.

మా దగ్గర బాల్కనీ ఉన్న ప్రతి ఆడదానికీ తాడు కట్టిన బుట్ట ఒకటి ఉంటుంది. కింద కూరలబండి వస్తే దించుతాం, ఉల్లిపాయలేసి పంపుతాడు, లాక్కుంటాం. ఒకరోజు సాయంత్రం ఆ బుట్టలో ఛార్జింగ్ లైటు పెట్టి గుంత మీదికి దించి పట్టుకున్నాను. చెక్క స్పష్టంగా కనిపించింది. బస్మలా దాటేసింది. అంతే, నా ఛాతీ మీంచి ఎవరో దిగినట్టయింది.

అయితే నా తాడు గుంత వరకే. మర్నాటి నుంచి సందు మొదట్లో మూడో అంతస్తులో ఉండే ఇన్షిరాహ్ అత్త తన బుట్ట దించింది. ఆవిడ లైటు కొనలేదు, మనవడి రంజాన్ లాంతరు పెట్టింది. అది గోడకి తగిలినప్పుడల్లా పాట పాడుతుంది. ఆ పక్కవాళ్ళు, ఆ పైవాళ్ళు కూడా దించారు. పిల్లలు సందులోకి రాగానే మేం ఒక బుట్ట నుంచి ఇంకో బుట్టకి వాళ్ళని అందించుకుంటూ గుమ్మాల దాకా తెస్తున్నాం. కొత్తకాపురం పిల్ల అయితే ఏకంగా వెల్లుల్లి జడల మధ్య స్తంభానికే ఓ లైటు తగిలించింది. అలా మా స్తంభం మీద దీపం కూడా వచ్చింది! ఉన్న ఒక్క దీపం వెలిగి ఉంటే ఈ కలివిడితనం వచ్చేదా? పక్కింటివాళ్ళ పిల్ల పేరు నాకు తెలిసేదా?

ఇన్‌స్పెక్టరు వజీహ్ గారు సరిగ్గా అలాంటి సాయంత్రమే వచ్చారు. కోటు వేసుకున్నారు, గుంత దగ్గర జాగ్రత్తగా నడిచారు. నడవరా మరి, నా బుట్ట వెలుగు ఆయన బూట్ల మీదే ఉంది! అటు చూశారు, ఇటు చూశారు, వెలుతురు సంతృప్తికరంగా ఉందని రాసుకున్నారు. లైసెన్సు లేకుండా దీపాలు వేలాడదీసినందుకు ఒక నోటీసు కూడా రాశారు. ఎవరి పేరున? ఇంకెవరి పేరున, షిహాతా బాబాయి పేరున. ఆయన పద్ధతిగా వేలు చాపాడు.

ఇన్షిరాహ్ అత్త పైనుంచి అరిచింది. "ఏం నాయనా, ఇవి మా ఉల్లిపాయల బుట్టలు. గవర్నమెంటువి అనుకున్నావా?"

"ఎవరివైనా నాకు అనవసరం పెద్దమ్మా. నా కంటికి వెలుతురు కనపడింది, వెలుతురని రాశాను. చీకటి చూపించండి, చీకటని రాస్తాను."

ఎంత న్యాయమైన మాట! రంజాన్ లోపల ఇంకో సాయంత్రం వస్తానన్నారు. ఏ రోజో చెబితే అది తనిఖీ ఎలా అవుతుందన్నారు. అదీ నిజమే కదా?

మేం ఇన్షిరాహ్ అత్త ఇంట్లో కూర్చుని ఆలోచించాం. ఆయన వచ్చేదాకా రోజూ బుట్టలు పైనే ఉంచుదామని తేలింది. మరి పిల్లలో అంటే, అన్నాళ్ళూ బడి మాన్పించేద్దాం, ఆడపిల్లలే కదా, కొంపలేం మునుగుతాయి అంది ఒకావిడ.

ఏమీ మునగవు. నాకు తెలుసు. నేను కూడా ఆ బడిలోనే, ఆ మధ్యాహ్నం పూటే చదివాను, ఎనిమిదో తరగతి దాకా. అప్పుడు మా పుట్టింటి సందులోనూ దీపం వెలిగేది కాదు. ఈ చలికాలం వెళ్ళేదాకా ఆగు, మళ్ళీ వెళ్దువు గాని అన్నాడు మా నాన్న. చలికాలం వెళ్ళింది. నేను వెళ్ళలేదు. చూశారా, ఆరిన దీపం ఒక ఆడపిల్లని ఎంత తొందరగా ఇంటిపనికి తయారు చేస్తుందో! ఇంత గొప్ప మేలు గురించి ఎవరూ రాయరేం?

పిల్లల్ని మాన్పించడం కుదరదన్నాను. నా గొంతు కొంచెం పెద్దదే అయినట్టుంది. చివరికి, వజీహ్ గారు సందులోకి రాగానే షిహాతా బాబాయి బండి గంట కొట్టాలి, వెంటనే అందరం బుట్టలు లాగేయాలి, ఆయన చీకటి చూసి రాసుకుని వెళ్ళాక దించాలి అని ఒప్పందం. కాసేపే కదా!

మొన్న గంట మోగింది. బుట్టలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. సందు బావిలా అయిపోయింది. నేను తాడు చేతికి చుట్టుకుని ఊపిరి బిగబట్టాను. కింద వజీహ్ గారి బూట్ల చప్పుడు వినిపించింది. మెల్లగా, తడుముకుంటూ వస్తున్నారు. పెన్ను తీసే ఉంటారు. కాగితం కోసం జేబు తడుముకుంటున్నారేమో కూడా.

అప్పుడే ఆయన వెనకాల బడిసంచి చప్పుడు.

"అమ్మా, బుట్ట ఏదీ?"

అంతే, తాడు నా చేతిలోంచి జారిపోయింది. కాదు, అబద్ధమెందుకు, నేనే వదిలాను. నా లైటు గుంత మీదికి దిగింది. ఇన్షిరాహ్ అత్త లాంతరు పాడుకుంటూ దిగింది. నన్ను తిట్టాల్సినవాళ్ళందరూ నా వెనకే దించారు. సందంతా పెళ్ళిపందిరి. ఆ వెలుగులో బస్మలా చెక్క దాటింది. వజీహ్ గారు రాసుకున్నారు. రెండోసారి కూడా సంతృప్తికరం. అర్జీ మూసేశారు. మా సందు దీపం ఇప్పుడు పేటాఫీసు ఫైల్లో పగలూ రాత్రీ వెలుగుతోంది.

వజీహ్ గారూ, మీకు మా చీకటి చూపించలేకపోయాం, మన్నించాలి. మీకు మరీ అంత చూడాలని ఉంటే ఒక మార్గం ఉంది. ఒకరోజు మగ్రిబ్ వేళకి మీ అమ్మాయిని సందు మొదట్లో దింపి, ఒంటరిగా చివరిదాకా నడిచి రమ్మనండి. బుట్టలన్నీ పైనే ఉంచుతామని మా ఆడవాళ్ళందరి తరఫున మాటిస్తున్నాను.

కానీ నా మాట నమ్మి పంపకండి. మీ పిల్ల మొదటి అడుగు వెయ్యగానే దించేస్తాం.